ఇంటి నోరు

బడికి వచ్చిన నాలుగు రోజులూ కుమారి నోరు విప్పలేదు. బడి మానేశాకే ఆ పిల్లకి ఎంత నోరుందో ఫెబా టీచరుకి తెలిసింది.

ఫెబా ఆ బడికి కొత్త. మొన్నటి డీఎస్సీలో ఉద్యోగం వచ్చి, అనకాపల్లికి ఆటో దూరంలో, శారదా నది ఒడ్డునున్న ఊళ్లో చేరింది. బడికి ఒక పక్క బెల్లం వండే గానుగ, ఇంకో పక్క ఇటుక బట్టీ. గాలి అటునుంచి వీస్తే నోరూరుతుంది, ఇటునుంచి వీస్తే కళ్లూరతాయి. హెడ్మాస్టరు త్రినాధరావు గారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. గాలి ఎటునుంచి వచ్చినా కిటికీ మూసేసే రకం.

"బట్టీ పిల్లల గురించి మనసు పాడుసేసుకోకు ఫెబమ్మా," అన్నారాయన. "ఇటికల సీజన్లో వత్తారు, వానలు పడితే ఎల్లిపోతారు. మన బడిలో బట్టీ పట్టే పిల్లలున్నారు గానీ, బట్టీ పిల్లల్ని పట్టేవోళ్లు ఎవులూ లేరు."

"నేను పడతాను మాస్టారూ."

"పట్టడం ఎవులైనా పడతారు. ఒగ్గకుండా ఉండడమే కష్టం," అని ఆయన కిటికీ మూశారు.

ఆ సాయంత్రమే ఫెబా బట్టీకి వెళ్లింది. వెళ్లేసరికి అక్కడ పంచాయితీ నడుస్తోంది. ఒక వైపు మేస్త్రీ బంగారయ్య. పేరు బంగారం, గొంతు కంచు, మాట ఇత్తడి. రెండోవైపు కుమారి తండ్రి ధనరాజ్. పేరులో ధనమూ ఉంది, రాజూ ఉన్నాడు. ఒంటి మీద మట్టి తప్ప మరేమీ లేదు. ఒడిశా కొండల్లోంచి పెళ్లాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని ఇటుకలు కోయడానికి వచ్చినవాడు, తెలుగు ముక్క రాదు. ఇద్దరి మధ్యా, జడగంట మాదిరిగా అటూ ఇటూ తిరుగుతూ, ఊరి పిల్లలతో ఆడి తెలుగు నేర్చుకున్న తొమ్మిదేళ్ల కుమారి.

"మీ బాబుకి బుర్రుందో నేదో అడగవే!" అని అరిచాడు బంగారయ్య. "పగిలిన అచ్చుతో కోసెత్తే ఇటికలు వంకర రావేటి?"

కుమారి తండ్రివైపు తిరిగి ఒడియాలో చెప్పింది. "బాపా, నీకు తలనొప్పిగా ఉందా అని అడుగుతున్నాడు. అచ్చు పగిలినట్టుంది, చూసుకోమంటున్నాడు."

ధనరాజ్ కళ్లు చెమ్మగిల్లాయి. "దేవుడిలాంటి మనిషి! నా తల గురించి అడిగినవాడు మన ఊళ్లో కూడా లేడు. తలనొప్పి లేదని చెప్పు. అచ్చు పగిలిందని నిన్ననే చెప్పాను కదా, వినలేదా, చెవుల్లో ఇటుకలు పెట్టుకున్నాడా అని కూడా అడుగు."

కుమారి బంగారయ్యవైపు తిరిగింది. "తప్పయిపోనాది బాబూ, కొత్త అచ్చు ఇప్పించండి అంటన్నాడు."

బంగారయ్య కంచు గొంతు కాస్త కరిగింది. "అదీ మరియాదంటే! నోట్లో నాలిక నేనోడు. మిగతావోళ్లు ఈణ్ణి సూసి నేర్చుకోవాల," అంటూ కొత్త అచ్చు తెప్పించాడు.

ఆ బట్టీ మొత్తం మీద, కుమారి కాక, రెండు వైపుల మాటలూ తెలిసిన మనిషి ఫెబా ఒక్కతే. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు గొంతులోనే ఆరిపోయింది. ఆ ఇద్దరు మగాళ్లకీ ఒకరంటే ఒకరికి ఎంత గౌరవం! ఆ గౌరవమంతా ఈ పిల్ల ఏ అచ్చూ లేకుండా, రోజూ ఒక్కతే కూర్చుని కోస్తున్న ఇటుక.

టీచరు నోట ఒడియా వినగానే కుమారి ఉలిక్కిపడింది. బడికి ఎందుకు రావడం లేదంటే, తడుముకోకుండా చెప్పింది.

"నేను బడికొస్తే బాపాకి నోరెవరు?"

"బాపా తెలుగు నేర్చుకుంటాడు."

"వద్దు!" పిల్ల మొహం పాలిపోయింది. టీచరు చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "నేర్చుకుంటే ఆయన ఏమంటున్నాడో తెలిసిపోతుంది. బాపాకి కోపం ఎక్కువ టీచర్. కొట్టేసుకుంటారు. మమ్మల్ని పంపేస్తారు. మీరెవరికీ చెప్పకండి."

ధనరాజ్‌ని అడిగితే అతనిదీ అదే పాట, రాగం వేరు. "చదివించాలనే ఉంది టీచరమ్మా. కానీ మందుల షాపుకి వెళ్లాలన్నా, బియ్యం తేవాలన్నా దాని నోరే గతి. ఈ మేస్త్రీతో మాట్లాడాలన్నా అదే. అంత మంచి మనిషితో మాట్లాడకుండా మూగవాడిలా ఎలా ఉండను?"

ఫెబా అనకాపల్లి ఆటో ఎక్కింది. ఆ పాట ఆమెకి కొత్త కాదు. పద్దెనిమిదేళ్ల కిందట ఆ కుమారి పేరు ఫెబా.

వలస అన్న మాటలో ముందుండేదే వల. ఆ వలలో పడి ఫెబా తండ్రి ఎలియాజరూ, తల్లి లూర్దు మేరీ, చిన్నపిల్ల ఫెబాతో అవే కొండలు దిగి, అనకాపల్లిలో రైలు దిగారు. బెల్లం మార్కెట్టు వెనక సందులో బస దొరికింది. భాష దొరకలేదు. ఎలియాజరు మార్కెట్టులో కళాసీగా చేరాడు. బెల్లం దిమ్మలు మొయ్యడానికి భుజాలు చాలు, నోటితో పనిలేదు. బతకడానికి మాత్రం నోరు కావాలి. సందులో పిల్లలతో తగువులాడి తెలుగు పట్టేసిన ఫెబా ఆ ఇంటికి నోరయింది. ఊళ్లో కొందరి నాన్నలు దుబాయి వెళ్లారు. ఎలియాజరు కూతురు దుబాసీ అయింది. రేషన్ షాపులో ఫెబా. ఇంటద్దె వాళ్లతో ఫెబా. ఆస్పత్రిలో అమ్మ కడుపునొప్పి గురించి డాక్టరమ్మ అడిగే పెద్దవాళ్ల ప్రశ్నల దగ్గర, అర్థమయ్యీ కాక గౌను అంచు నలుపుకుంటూ, ఫెబా. ఎలియాజరు ఎక్కడుంటే అక్కడ ఫెబా హాజరు; బడిలో మాత్రం గైరుహాజరు.

పరీక్షల ముందు ఒకనాడు పిల్లకి తిక్క రేగింది. గరిటె చేతిలోకి తీసుకుని, "ఇయ్యాల్టినుంచి ఈ ఇంట్లో తెలుగులో అడిగినోళ్లకే కూడు," అంది.

ఎలియాజరు నవ్వి, కంచం ముందు కూర్చుని, ఒడియాలో అన్నం అడిగాడు. ఫెబా పైకప్పు కేసి చూసింది. చేత్తో సైగ చేశాడు. సైగ తెలుగు కాదంది. కోప్పడ్డాడు. కోపం కూడా తెలుగులోనే పడమంది. కుండలో అన్నం చల్లారిపోతోంది, కడుపులో కాలిపోతోంది. చివరికి మార్కెట్టులో పొద్దస్తమానం వినే మాట ఒకటి గుర్తొచ్చి, "ఎత్తు!" అన్నాడు.

"ఎత్తు కాదు బాపా. ఎయ్యి."

"ఎయ్యి."

కంచంలో అన్నం పడింది. కూర కోసం ఇంకో మాట, ఉప్పు కోసం మరో మాట. లూర్దు మేరీ తెలివైంది. వడ్డనకి ముందే వంట చేస్తూ కడుపు నింపేసుకుని, "నాకాకలి లేదు," అని నిక్షేపంగా ఒడియాలోనే అనేది.

ఆకలిని మించిన అయ్యవారు లేరు. పగలల్లా మూటలు మోసే ఎలియాజరు పొద్దుగూకేసరికి మాటలు మోసుకొచ్చేవాడు. కొన్ని మాటలు వినగానే ఫెబా చెవులు మూసుకునేది.

"ఇది అన్నం దగ్గర అనకూడదు బాపా."

"మరెక్కడ అనాల?"

"ఎక్కడా అనకూడదు."

"మార్కెట్టులో అందరూ అంటన్నారు గదే!"

మార్కెట్టులో ప్రతివాడూ ప్రతివాణ్ణీ బావా అనే పిలుస్తాడు. అదే అన్నిటికన్నా పెద్ద మర్యాద కాబోలనుకున్నాడు ఎలియాజరు. ఆదివారం చర్చి గుమ్మంలో వంగి, "దండాలు ఫాదర్ బావా," అన్నాడు. పెళ్లి చేసుకోనని ఒట్టేసుకున్న ఆ పెద్దమనిషికి ఒక్క దండంతో బావమరిది పుట్టుకొచ్చాడు. పాపం, ఆయన కాదనలేదు.

అంతవరకూ నవ్వులాటే. నవ్వు ఆగిన రోజు ఒకటుంది.

మధ్యాహ్నం ఫెబా తండ్రికి క్యారేజీ పట్టుకెళ్లేది. అక్కడి గుమస్తా కళాసీకి ఏం చెప్పాలన్నా పిల్లచేతే చెప్పించేవాడు. "ఈ ఎద్దుకి దేవుడు రెండు కాళ్లే ఎందుకిచ్చేడో అడగవే" అనేవాడు. ఫెబా తండ్రివైపు తిరిగి, "నీకు ఎద్దంత బలముందంటున్నాడు బాపా," అనేది. ఎలియాజరు పొంగిపోయి ఇంకో దిమ్మ ఎక్కువ ఎత్తుకునేవాడు. ఆ రోజు గుమస్తా అదే మాట అన్నాడు, ఫెబా అదే మాట మార్చింది. ఎలియాజరు మాత్రం పొంగలేదు. భుజం మీది దిమ్మని నెమ్మదిగా దించాడు. కూతురి మొహంలోకి చూశాడు. తల దిమ్మ తిరిగింది పిల్లకే.

ఇంటికి నడిచి వెళుతుంటే దారిలో ఒక్కటే అడిగాడు. "మొదట్నుంచీ ఇంతేనా?"

ఫెబా ఏడుస్తూ తలూపింది. ఎలియాజరు ఆగి, పిల్లని ఎత్తుకున్నాడు. ఎత్తుకునే వయసు దాటిపోయింది, అయినా ఎత్తుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఈ ఇంట్లో బరువు మోసేది నేనే అనుకున్నాను," అన్నాడు ఒడియాలో. "నేను మోసింది తీపి. చేదంతా నువ్వు మోశావు."

మర్నాడు గుమస్తా మళ్లీ ఎద్దు మాట ఎత్తగానే, ఎలియాజరు తన సొంత తెలుగులో అన్నాడు. "బావా, ఎద్దుకి నాలుగు కాళ్లు. నాకు రెండు కాళ్లు, ఒక పేరు. పేరెట్టి పిలు."

గుమస్తా నోట్లో ఆ పేరు తిరగడానికి వారం పట్టింది. ఎల్లాజీ అన్నాడు, ఎలాజర్ అన్నాడు, మొత్తానికి పేరెట్టే పిలిచాడు. క్యారేజీ పట్టుకుని పక్కన నిలబడ్డ ఫెబాకి కనబడింది మాత్రం వేరు. దిమ్మ మోస్తూ కూడా తండ్రి వెన్ను నిటారుగా ఉంది. తను అన్నం దగ్గర పలికించినవి ఎయ్యి, ఎత్తు, ఉప్పు, పప్పు. ఆ నాలుగు మాటలూ కలిసి మనిషిని ఇంత ఎత్తు చేస్తాయని ఆ పిల్లకి తెలీదు. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా అంతవరకూ నీళ్లు నమిలేది. ఆ రోజునుంచి నమల్లేదు.

*

మోకాళ్లు అరిగిపోయి ఎలియాజరు ఇప్పుడు మార్కెట్టు మానేశాడు. నోరు మాత్రం అరగలేదు.

"బాపా, నీకో శిష్యుణ్ణి చూశాను. చెబుతావా?" అని అడిగింది ఫెబా, కుమారి సంగతంతా చెప్పి.

"నానా? నాకు అచ్చరమ్ముక్క రాదు గదే!"

"అక్షరాలు నేను చూసుకుంటాను. నువ్వు మాటలు చెప్పు."

లూర్దు మేరీ నోరు నొక్కుకుంది. "ఈయన దగ్గర తెలుగు నేర్చుకుంటే ఇంకేటుంది, బట్టీ బట్టీయంతా బావామరుదులే!" అలా అంటూనే అందరికీ సరిపడా గంజన్నం గిన్నెకెత్తింది, ఎండుచేపల కూర వేరే కట్టింది.

మర్నాటి సాయంత్రంనుంచి బట్టీ పక్కన బడి మొదలైంది. పలకా లేదు, బలపమూ లేదు, పలుకే. గిన్నె ఎలియాజరు ఒళ్లో, కంచం ధనరాజ్ ఒళ్లో. పద్ధతి మారలేదు. ధనరాజ్ కూర కేసి చూసి కొండల్లో పదాలన్నీ వల్లించాడు. ఎలియాజరు మేఘాల కేసి చూశాడు.

"ఏటి కావాల బావా? తెలుగులో అడుగు. కూర ఎక్కడికీ పారిపోదు. నువ్వడక్కపోతే నాను తినెత్తాను, అంతే."

పక్క గుడిసెలవాళ్లు కూడా కంచాలతో వచ్చి చేరారు. "ఎయ్యి బావా", "సాలు బావా" అంటూ బట్టీ హోరెత్తింది. కుమారి మాత్రం దూరంగా కూర్చుని, గడ్డి పరకలు తెంపుతూ, తండ్రికి వచ్చే ప్రతి కొత్త మాటకీ ముడుచుకుపోయేది. ఎవరో తన కాళ్ల కింది ఇటుకలు ఒక్కొక్కటే లాగేస్తున్నట్టుంది దానికి.

ఎలియాజరు ఒకరోజు దాని పక్కకి జరిగి కూర్చున్నాడు.

"మా ఇంట్లోనూ ఒక గుంటపిల్ల ఉండేది," అన్నాడు ఒడియాలో. "అచ్చం నీలాగే అబద్ధాలాడేది. చాలా మంచి అబద్ధాలు."

కుమారి తలెత్తలేదు. "బాపాకి తెలిస్తే కోపమొస్తుంది."

"రానీ. మీ బాపా కోపం మీ బాపాది. తలమీద అన్నేసి ఇటుకలు మోసే మనిషి, తన కోపం తను మోసుకోలేడా? నువ్వెందుకు, ఇంత చిన్న మెడ మీద?"

పిల్ల గడ్డి తెంపడం ఆపింది. 

ఫెబాకి ఆ రోజుల్లో నిద్ర సరిగా పట్టలేదు. తన తండ్రి గుమస్తాని ఒక మాటతో వదిలేశాడు. ఈ ధనరాజ్ చేత్తో అందుకుంటే? కుటుంబం పనిపోయి రోడ్డున పడితే, ఆ పాపం బంగారయ్య నోటిదా, తను నేర్పించిన తెలుగుదా? దేవుడనుకున్నవాడు దేవుడు కాడని తెలిసిన రోజున మనిషి ఏం చేస్తాడో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ఆ రోజు రానే వచ్చింది, వానతో కలిసి. కాలం కాని కాలంలో మబ్బు పట్టింది. కళ్లం నిండా ఆ పొద్దున్న కోసిన పచ్చి ఇటుకలు వరసలు వరసలుగా ఆరుతున్నాయి. నాలుగు చినుకులు గట్టిగా పడితే ఇటుక మళ్లీ మట్టే. ఫెబా, ఎలియాజరూ గిన్నెలతో ఆటో దిగేసరికి బంగారయ్య గంతులేస్తున్నాడు.

"ఒలే కుమారీ! ఆ దున్నపోతుకి సెప్పవే, బేగి బరకం కప్పమని! మట్టయిపోతన్నాయే ఇటికలు!"

కుమారి అలవాటుగా తండ్రివైపు తిరిగింది. "బాపా, ఆయన..."

ధనరాజ్ చెయ్యెత్తి కూతుర్ని ఆపాడు. ఎత్తిన ఆ చెయ్యి చూసి ఫెబా గిన్నె కింద పెట్టేసింది. బట్టీలో అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ధనరాజ్ నాలుగడుగులు వేసి బంగారయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వాన నీళ్లు మొహమ్మీంచి కారుతున్నాయి. మాట కోసం వెతుక్కున్నాడు. దొరికింది.

"బావా. నాకే సెప్పు. దున్నపోతు నాకు తెలుసు. బరకం తెలీదు. అది సెప్పు."



"దున్నపోతు పాఠం నాను సెప్పనేదే," అన్నాడు ఎలియాజరు కూతురి చెవిలో. "రోజూ ఇన్నదే గదా. బట్టీలో ఇన్నాడు, బట్టీ వచ్చేసినాది."

 అర్థం కానివాణ్ణి తిట్టడం గోడని తన్నడం లాంటిది, అలవాటైపోతుంది. గోడ తిరిగి మాట్లాడితే కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. బంగారయ్య కుమారి వంక చూశాడు. తనకీ, గోడకీ మధ్య ఇన్నాళ్లూ నిలబడిందెవరో అప్పుడు కనబడింది. ఇత్తడి మాట ఒక్కటీ బయటికి రాలేదు. పక్కనున్న నీలం టార్పాలిన్ గుట్టమీద చెయ్యేశాడు.

"ఇదీ... ఇదే బరకం," అన్నాడు గొణుగుతున్నట్టు. "ఆ కొస నువ్వట్టుకో... బావా."

ధనరాజ్ కొస పట్టుకున్నాడు. ఇద్దరూ పరుగెత్తారు. వెనక బట్టీ అంతా పరుగెత్తింది. ఫెబా చీర కుచ్చిళ్లు దోపుకుని ఒక కొస పట్టుకుంది. ఎలియాజరు మోకాళ్లు మర్చిపోయి, "ఎత్తు! ఎత్తు!" అని తన తెలుగు చదువు మొదటి మాట అరుస్తూ తిరిగాడు. కుమారి ఒక్కతే కళ్లం మధ్యలో, చెయ్యడానికి పనేమీ లేక, వానలో తడుస్తూ నిలబడింది.

సగం ఇటుకలు దక్కాయి. పాకలో అందరూ తలలు తుడుచుకుంటున్నారు. బంగారయ్య కుమారి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒలే, నానన్నయి నువ్వు సెప్పనేదు. మరి ఆడన్నయీ నాకు సెప్పనేదన్నమాట. ఏటనీవోడే?"

కుమారి పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది.

"మీరూ ఒడియా నేర్చుకుంటే తెలుస్తుంది బంగారయ్యగారూ," అంది ఫెబా.

"రేపట్నుంచి రా బావా," అన్నాడు ఎలియాజరు. "కంచం మరిసిపోకు."

మర్నాడు బడి గంట కొట్టే వేళకి ధనరాజ్ కూతుర్ని గేటుదాకా తీసుకొచ్చాడు. త్రినాధరావు గారికి దండం పెట్టి, "బావా, పిల్ల," అన్నాడు. అంతకన్నా చెప్పాల్సింది లేదు గనక ఇటుకలు కోయడానికి వెళ్లిపోయాడు. ఆయన గదిలోకి వెళ్లి, మూసి ఉన్న కిటికీ తెరిచి, అతను వెళ్లినవైపే చూశారు.

కుమారి తరగతిలోకి వెళ్లేసరికి, ఇదివరకు తను కూర్చున్న చోట లోహిత్ అనే పిల్లాడు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఫెబా కలగజేసుకోబోయి, ఆగింది. పిల్ల ఒకసారి అటు చూసింది, ఒకసారి ఇటు చూసింది. ఎవరి మాట మొయ్యాలా అని వెతుకుతున్నట్టుంది. అక్కడ మోయాల్సిన మాట ఎవరిదీ లేదు.

"లెగు," అంది. "ఇది నా సోటు."

"నీ పేరు రాసుందేటి?"

కుమారి సంచీ దించి కింద పెట్టింది.

"రాయడం వచ్చేక రాత్తాను. ముందు లెగు."

లోహిత్ లేచాడు. ఫెబా బోర్డువైపు తిరిగి, పిల్లలకి మొహం కనబడకుండా, తుడిచిన బోర్డునే మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.